చి.

అన్న తమ్ముడికి ఉత్తరం రాస్తే పేరుకు ముందు ‘చి.’ ఉంటుంది. తమ్ముడు అన్నకు రాస్తే ఉండదు. ‘పూజ్యులైన అన్నయ్యగారికి’ అని మొదలుపెట్టి, నమస్కారాలు చెప్పుకుని, ‘ఉభయకుశలోపరి’ అని ఒక మాట వేసి అసలు సంగతికి దిగాలి. ఒక అక్షరం, పక్కన ఒక చుక్క. అది చిరంజీవికి పొట్టిరూపమని ఉత్తరాలు రాయడం నేర్చిన ప్రతివాడికీ తెలుసు. పెద్దలు పిన్నలకు రాయాలే తప్ప పిన్నలు పెద్దలకు రాయకూడదని కూడా తెలుసు. ఎవరూ కూచోబెట్టి నేర్పిన మర్యాద కాదిది. ఇంట్లో నాలుగు ఉత్తరాలు చదివితే దానంతట అదే అబ్బేది.

ఇప్పుడా అక్షరం శుభలేఖల్లోనే మిగిలింది. వరుడికి చి., వధువుకు చి.ల.సౌ. అని అచ్చేస్తారు గాని చదివేవాళ్లు ముహూర్తమూ భోజనాల వేళా చూసుకుంటారు. బయట చిరంజీవి అంటే సినిమా హీరో. ఆయనకూ అది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. మాట ఇంత తేలికపడిన ఈ రోజుల్లో, అది బరువు మోసిన చోటు ఒకటి చూడాలనిపించింది. యుద్ధానికి వెళ్లినవాడి పేరుకు ముందు అది ఏం చేసేదన్నది ప్రశ్న.

మాట పుట్టుక నుంచి వద్దాం. చిరం అంటే చాలాకాలం, జీవి అంటే బతికేవాడు. సంస్కృత సమాసంలో లోపలి విభక్తి జారిపోవడం మామూలు. ఆ లెక్కన చిరజీవి కావాలి, ఆ రూపమూ ఉంది. కాని లోకం మెచ్చింది విభక్తి జారని రూపాన్నే. చిరం చిరంగానే నిలబడి, జకారం ముందు ఞకారమై, తెలుగు రాతలో సున్నాగా కుదురుకుంది. పసిపిల్ల తుమ్మితే ‘చిరంజీవ’ అంటారే, అది అచ్చమైన క్రియ, చాలాకాలం బతుకు అని. ఉత్తరంలోని చిరంజీవి మాత్రం నామవాచకం. ఈ తేడాకు మళ్లీ వస్తాను.

నిఘంటువుల్లో ఈ మాటకు ఇంకో అర్థం ఉంది, కాకి. కాకి చాలాకాలం బతుకుతుందని పూర్వుల నమ్మకం. తల్లి కొడుకును దీవించే మాటా, పిండం ముట్టడానికి వచ్చే పక్షి పేరూ ఒకటే కావడం ఎవరూ కావాలని చేసిన పని కాదు గాని, తెలిశాక మరిచిపోవడం కష్టం.

పురాణాల చిరంజీవులు ఏడుగురు: అశ్వత్థామ, బలి, వ్యాసుడు, హనుమంతుడు, విభీషణుడు, కృపుడు, పరశురాముడు. వ్యాసుణ్ణి పక్కన పెడితే అందరూ యుద్ధం చూసినవాళ్లే. అందులో అశ్వత్థామకు దీర్ఘాయువు శాపంగా వచ్చింది. నిద్రపోతున్న ఉపపాండవులను చంపి, ఉత్తర కడుపులోని పిండం మీదికి అస్త్రం వదిలినందుకు, మానని పుండ్లతో వేల ఏళ్లు ఒంటరిగా తిరగమన్నాడు కృష్ణుడు. విభీషణుడు అన్నను వదిలి అవతలి పక్షానికి పోయి బతికినవాడు. దీవించే నోటికి వీళ్లెవరూ గుర్తు రారు. హనుమంతుడొక్కడే గుర్తొస్తాడు. కాని యుద్ధం చేసి వచ్చినవాడు చాలాకాలం బతకడం అన్నివేళలా వరం కాదని ఆ జాబితా కూర్చినవాళ్లకు తెలుసనే నా అనుమానం.

దీవెనకు వ్యాకరణం కూడా ఉంది. పేరు చెప్పి నమస్కరించినవాణ్ణి పెద్దలు తిరిగి దీవించేటప్పుడు వాక్యం చివరి అచ్చును మూడు మాత్రల ప్లుతంగా సాగదీయాలని పాణిని ఎనిమిదో అధ్యాయంలో సూత్రం చేశాడు. శూద్రుడికి తప్ప అని అదే సూత్రంలో మినహాయింపు పెట్టాడు. దీర్ఘాయువు కోరడంలో కూడా గొంతు ఎంత సాగాలో కులాన్ని బట్టి కొలిచిన లెక్క అది. తెలుగు ఉత్తరం ఆ లెక్క పాటించలేదు. పల్లెల నుంచి పటాలంలో చేరినవాళ్లలో ఎక్కువమంది సేద్యం చేసుకునే ఇళ్లవాళ్లు, కూలి ఇళ్లవాళ్లు. చదువురాని తండ్రి బడిపంతులుతోనో పోస్టుమాస్టరుతోనో రాయించుకున్న కార్డులో కూడా మొదటి అక్షరం చి. అయ్యేది. రాసిపెట్టేవాడు సంగతులు కుదించేవాడేమో గాని, ఆ అక్షరం వదిలేస్తే ఊరుకునేవాళ్లు కారు.

ఇక నామవాచకం సంగతి. తెలుగు వ్యాకరణంలో ఆశీరర్థకమని ఒకటుంది. ‘వర్ధిల్లుదువు గాక’ అన్నప్పుడు ఆ ‘గాక’ వల్ల అది కోరిక అని తెలిసిపోతుంది. చిరంజీవి అన్నప్పుడు ఏ గాకా లేదు. ‘చాలాకాలం బతికేవాడు’ అని ఒక మనిషిని వర్ణించినట్టుంటుంది. పొడుగరి, నల్లనివాడు, చిరంజీవి. కోరికను కోరికలా చెప్పకుండా, అప్పటికే ఉన్న గుణంలా పేరుకు తగిలించడం దీని పని. శాంతికాలంలో ఈ తేడా ఎవరికీ పట్టదు. ఊళ్లో తిరుగుతున్న పాతికేళ్లవాడు చాలాకాలం బతుకుతాడనే ఎవరైనా అనుకుంటారు. వాడు కందకంలో ఉన్నప్పుడు మాత్రం, ఆ గుణం వాడిలో ఉందో లేదో రాసేవాళ్లకు తెలియదు. ఉత్తరం చేరేసరికి వాడున్నాడో లేడో కూడా తెలియదు. అయినా రాతలో సందేహం ఎక్కడా కనపడదు. ‘గాక’ పెడితే కాకపోవచ్చన్న అనుమానమూ దానితోపాటే వస్తుంది. చి. ఆ సందు ఇవ్వదు.

అచ్చతెలుగు దీవెన ‘నూరేళ్లు బతుకు’. అదే భాషలో ‘వాడికి నూరేళ్లు నిండాయి’ అంటే ఆయువు తీరిందని. ఇరవై రెండేళ్ల కుర్రాడు పోయినా నూరేళ్లు నిండాయనే అంటాం. ఇందులో వేళాకోళం లేదు. ఎవరికి ఎంత రాసిపెట్టి ఉంటే అదే వాళ్ల నూరేళ్లు అని లెక్క సరిచేసుకునే పద్ధతి. సంస్కృతపు చిరం కూడా అంతే. ఎన్నేళ్లు దాటితే చిరమో ఏ నిఘంటువూ చెప్పదు.

సైనికుడికి వెళ్లే ఉత్తరాన్ని దగ్గరగా చూడండి. పైన చిరునామా: నంబరు, హోదా, పేరు, యూనిట్, ‘కేరాఫ్ 56 ఏపీఓ’. తూర్పు వైపు యూనిట్లయితే 99 ఏపీఓ. ఢిల్లీ, కోల్‌కతాల్లో ఉన్న సైనిక తపాలా కేంద్రాల సంఖ్యలివి. అక్కడి నుంచి యూనిట్ ఎక్కడుంటే అక్కడికి సంచులు కదులుతాయి. కొడుకు లదాఖ్‌లో ఉన్నాడో రాజస్థాన్‌లో ఉన్నాడో చిరునామా చెప్పదు, చెప్పకూడదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరానికి మిలటరీ మాధవరమనే పేరు ఊరికే రాలేదు. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులను పంపిన ఊరది. అటువంటి ఊళ్లలో పిల్లలకు కూడా 56 ఏపీఓ నోటికొచ్చు. ఒకే ఇంటి నుంచి ఇద్దరు వెళ్తే ఇద్దరి చిరునామాలోనూ చివరి ముక్క ఒకటే కావచ్చు, ఇద్దరి మధ్యా వెయ్యి మైళ్లు ఉండవచ్చు. కవరు పైన చి. రాయరు. అక్కడ మనిషి సైన్యానికి చెందినవాడు, నంబరు ముందు, పేరు వెనక. కవరు చింపితేనే చి. కనపడుతుంది, అక్కడ నంబరు ఉండదు.

ఆ కవరును సైనికుడి కన్నా ముందు చింపినవాళ్లు కొందరున్నారు. 1914 సెప్టెంబరు చివర భారత సేనలు మార్సెయ్ రేవులో దిగాయి. కొద్దికాలానికే వాళ్ల ఉత్తరాలు చదవడానికి ఫ్రాన్సులో ఒక సెన్సారు కార్యాలయం వెలిసింది. ఐసీఎస్ అధికారి ఎవెలిన్ హోవెల్ దానికి పెద్ద. ఉర్దూ, గురుముఖి, హిందీ, పష్తో, మరాఠీ, గూర్ఖాలీ ఉత్తరాలు చదివించి, అనుమానం పుట్టించినవీ సిపాయిల మనసు తెలిపేవీ ఇంగ్లీషులోకి తిప్పించి పైఅధికారులకు పంపేవాళ్లు. 1915 మార్చి నాటికి వారానికి పది నుంచి ఇరవై వేల ఉత్తరాలు వెళ్లేవట. చాలామందికి చదువు రాదు. పక్కవాడితో రాయించుకునేవాళ్లు, ఊళ్లో ఎవరో చదివి వినిపించేవాళ్లు. చెప్పేవాడికీ వినేవాళ్లకూ నడుమ రాసేవాడు, సెన్సారు, చదివేవాడు, ఇంతమంది.

ఇది తెలిసిన సిపాయిలు మారుమాటల్లో రాసేవాళ్లు. నల్లమిరియాలంటే తమవాళ్లు, ఎర్రమిరియాలంటే తెల్లవాళ్లు. నల్లవి అయిపోవచ్చాయి అంటే ఊళ్లో అర్థం చేసుకోవాలి. గాయం మాని ఆసుపత్రి నుంచి మళ్లీ ముందువరసకు పోతున్నవాడు, ఇంటి దగ్గర ఉన్న తమ్ముడికి సైన్యంలో చేరవద్దని కబురు చేయాలి, అదీ సెన్సారు కంట పడకుండా. 1915 చివర పదాతి దళాలు మెసపొటేమియాకు తరలిపోయాయి, అశ్వదళం ఫ్రాన్సులో ఉండిపోయింది. అన్న ఒక దేశంలో, తమ్ముడు ఇంకో దేశంలో ఉన్న ఇళ్లలో, ఒకరి సంగతి ఇంకొకరికి తండ్రి ఉత్తరం మోసుకెళ్లాలి. తెలుగువాళ్లు, తమిళులు ఉన్న మదరాసు సాపర్లు కూడా మెసపొటేమియాలో పనిచేశారు. అందుకే ఫ్రాన్సు కట్టల్లో తెలుగు దొరుకుతుందన్న ఆశ తక్కువ.

ఆ అనువాదాలు ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. డేవిడ్ ఒమిస్సీ వాటిలోంచి ఎంచి 1999లో ఒక సంపుటం వేశాడు. అసలు ఉత్తరాలు అంటించి పంపేశారు గనక చాలామటుకు ఊళ్లలోనే పోయాయి. మిగిలిన ముక్కల్లో నాకు కొట్టొచ్చినట్టు కనపడేది, లేనిదే. పలకరింపులు లేవు. ఉర్దూ ఉత్తరంలో చిన్నవాణ్ణి ‘బర్‌ఖుర్దార్’ అంటారు, ఫలం అనుభవించేవాడని అర్థం. ‘ఉమ్ర్ దరాజ్’, అంటే ఆయువు పొడుగైనవాడు, సరిగ్గా మన చిరంజీవే. కొడుకును ‘నూర్‌చష్మ్’, కంటివెలుగు, అని మొదలుపెడతారు. ఇవన్నీ రాయందే ఉత్తరం ఉత్తరం కాదు. అనువాదకుడు వాటిని చాలావరకు కోసేశాడు. ఆయన్ని తప్పుపట్టలేం. వారానికి అన్ని వేల ఉత్తరాలు, పైగా అందరూ ఒకేలా రాసే మాటలు, అందులో గూఢచారికి ఏం దొరుకుతుంది? ఎవరు ఎవరికి, ఎక్కడి నుంచి, ఏమన్నాడు, ఇంతవరకే ఆయనకు పని. అలా సామ్రాజ్యం కాపాడిన ఉత్తరాల్లో ధాన్యం ధర ఉంది, ఫ్రెంచి ఆడవాళ్ల మంచితనం ఉంది, చలి ఉంది, నెత్తురు ఉంది. దీవెన ఒక్కటే లేదు.

ఊళ్లో వినేవాళ్లకు పని తలకిందులు. చలి గురించి వాళ్లు చేయగలిగింది లేదు. పంతులు ‘చిరంజీవి’ అని రాసి తలెత్తగానే ‘పెట్టావా?’ అని అడిగే తల్లికి ఆ ఒక్క ముక్కే తను చేయగలిగిన పని, మిగతా ఉత్తరం మగవాళ్ల లావాదేవీ.

ఇన్ని వేల ఉత్తరాలు చదవాల్సిన ఇబ్బందికి సైన్యాలు ఒక పరిష్కారం కనిపెట్టాయి. బ్రిటిష్ సైనికులకు ఇచ్చిన ఫీల్డ్ సర్వీస్ పోస్టుకార్డు అచ్చేసిన వాక్యాల పట్టిక. బాగున్నాను, ఆసుపత్రిలో చేరాను, మీ ఉత్తరం అందింది, చాలాకాలంగా మీ దగ్గర నుంచి ఉత్తరం లేదు: ఇలాంటివి. అక్కర్లేనివి కొట్టేసి, సంతకం, తేదీ వేయాలి. ఇంకే మాట చేర్చినా కార్డు చించేస్తామని పైనే హెచ్చరిక. దీవెనకు చోటు లేదు, ప్రశ్నకు చోటు లేదు. కవి విల్ఫ్రెడ్ ఓవెన్ అందులో కూడా తోవ చేసుకున్నాడు. వెనక శిబిరానికి పంపుతున్నారనే వాక్యాన్ని రెండు గీతలతో కొట్టేస్తే తను ముందువరసలో ఉన్నట్టని తల్లితో ముందే చెప్పి ఉంచాడు. 1918 నవంబరు 4న అతను పోయాడు. తంతి ఇంటికి చేరింది 11న, యుద్ధం ముగిసిన రోజున.

తంతి అయినా వస్తే ఒక లెక్క. ఏ కబురూ రానివాళ్ల సంగతి వేరు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయినప్పుడు నలభై వేలకు పైగా భారత సైనికులు జపాను చేతికి చిక్కారు. ఇంటివాళ్లకు వచ్చింది ఒకే మాట: ఆచూకీ లేదు. ఆచూకీ లేనివాడి పేరుకు ముందు ఏం రాయాలి? రాయడానికి చిరునామా లేదు గాని, ఇంట్లో మిగతా ఉత్తరాల్లో వాడి ప్రస్తావన వస్తుంది గదా. పెళ్లి కబురు రాసేటప్పుడు అన్నదమ్ముల పేర్లు వరసగా రాయాలి గదా. అన్నిట్లోనూ చి. పెట్టి వాడి దగ్గర వదిలేస్తే, ఆ ఖాళీయే వార్త అవుతుంది. అందుకని పెట్టేవాళ్లు.

ఈ స్థితికి చట్టంలో ఒక గడువు ఉంది. 2024 దాకా అమల్లో ఉన్న 1872 నాటి సాక్ష్య చట్టం 108వ సెక్షను ప్రకారం, ఒక మనిషి బతికుంటే సహజంగా ఎవరికి కబురు తెలియాలో వాళ్లకు ఏడేళ్లపాటు తెలియకపోతే, బతికే ఉన్నాడని రుజువు చేయాల్సిన భారం ఆ మాట అనేవాళ్ల మీద పడేది. ప్రాణాన్ని ఉత్తరాలతో కొలిచిన సెక్షను ఇది. అయితే అది ఆస్తికీ పింఛనుకూ సంబంధించిన లెక్క. ఏడేళ్లూ నిండిన మర్నాడు తల్లి చి. మానేయాలని ఏ సెక్షనూ అనలేదు.

మానేయాల్సి వచ్చినప్పుడు ఏమవుతుందో చూస్తే భాష వింత బయటపడుతుంది. పోయినవాడు కీర్తిశేషుడు, అంటే కీర్తి మాత్రమే మిగిలినవాడు. సైనికుడైతే అమరుడు. చావు లేనివాడు అన్న మాటను మనం చనిపోయినవాడికే వాడతాం. బతికున్నంతకాలం చాలాకాలం బతికేవాడు, పోయాక ఎప్పటికీ చావనివాడు. నడుమ ఉన్న ఆ ఒక్క సంగతి రెండు మాటల్లోనూ లేదు. ఇంట్లో భార్య పేరుకు ముందున్న అక్షరాలు కూడా మారతాయి. భర్త పోయిన ఆడవాళ్లను ‘గంగాభాగీరథీ సమానురాలైన’ అని రాసేవాళ్లు ఒకప్పుడు. నదితో పోల్చిన గౌరవంలా వినిపిస్తుంది గాని, నిన్నటి సౌభాగ్యవతికి అది అందిన మొదటి ఉత్తరం ఎలా ఉంటుందో రాసినవాళ్లు ఆలోచించినట్టు లేదు. ఆ మాట వాడుకలోంచి పోవడం మంచిదే అయింది.

హైదరాబాదు వాసి మేజర్ పద్మపాణి ఆచార్య కార్గిల్ యుద్ధంలో 1999 జూన్ 28న తోలోలింగ్ ప్రాంతంలో ప్రాణాలు విడిచాడు. రెండో రాజ్‌పుతానా రైఫిల్స్. వారం కిందటే ముప్పై ఏళ్లు నిండాయి. మహావీర చక్ర ఇచ్చారు. ఆ ఇంట తండ్రి వైమానిక దళంలో పనిచేసినవారు, తమ్ముడూ సైన్యంలోనే. జూన్ 19న పద్మపాణి తండ్రికి రాసిన ఉత్తరం పత్రికల్లో వచ్చింది. ఇంట్లో భార్య గర్భవతి. రోజుకొక మహాభారత కథ ఆమెకు చెప్పమనీ, పుట్టబోయే బిడ్డకు మంచి విలువలు అబ్బుతాయనీ అందులో కోరాడు. కడుపులో ఉండగా కథ వినడం మనకు అభిమన్యుడి నుంచి తెలిసిందే. భారతంలో ఆ తరవాత ఏం జరిగిందో రాసిన అధికారికీ తెలిసే ఉంటుంది. పుట్టిన పాపకు తండ్రిని చూసే అవకాశం లేకపోయింది.

ఇటువంటి ఇళ్లలో తమ్ముడి వయసు ఒకరోజు అన్న వయసును దాటిపోతుంది. అన్న ముప్పై దగ్గర ఆగి ఉంటాడు, తమ్ముడికి నలభై వస్తాయి, యాభై వస్తాయి. వయసును బట్టి చూస్తే ఇప్పుడు పెద్దవాడు తమ్ముడే. అయినా అన్న పేరుకు ముందు చి. రాసే హక్కు అతనికి రాదు, వరస వయసును పట్టి మారదు. అతను రాయగలిగింది అమర అనే. ఆ మాటకు వరసతో పనిలేదు. కలెక్టరు రాయవచ్చు, టీవీవాళ్లు అనవచ్చు, ఫ్లెక్సీ కొట్టేవాడు ముద్రించవచ్చు. చి. రాయడానికి మాత్రం పెద్దవాళ్లు కావాలి, సొంతవాళ్లు కావాలి. అన్న పోతే తమ్ముడికి పోయేవాటిలో ఇదొకటి. తన పేరుకు ముందు ఆ అక్షరం రాసేవాళ్లలో ఒకరు తగ్గిపోతారు.

ఊళ్లలో బస్సు షెల్టర్ల మీద, బడి గదుల గోడల మీద జ్ఞాపకార్థం పలకలుంటాయి. కొన్నిటి మీద ‘కీ.శే. చి.’ అని రెండూ కలిపి ఒకే పేరుకు ముందు చెక్కించి ఉంటుంది, కింద దాతలుగా తల్లిదండ్రుల పేర్లు. కీర్తి మాత్రమే మిగిలినవాడు, చాలాకాలం బతికేవాడు. చెక్కేవాడు సందేహించి ఉంటాడు, ఒకటి తీసేద్దామా అని అడిగి ఉంటాడు. వ్యాకరణం ప్రకారం పొసగని జోడీ అది. కాని కీ.శే. లోకం కోసం వేసింది, దాన్ని ఎవరైనా వేయవచ్చు. చి. వేయగలిగినవాళ్లు ఇద్దరే, వాళ్ల పేర్లు కిందనే ఉన్నాయి.